చిలుకరంగు పిట్టగోడ

గ్రేస్ ఆ బోర్డును దుప్పట్ల చుట్టుకొని తెచ్చింది. ఆటో దిగి, పసిపిల్లను మోసినట్టు రెండు చేతుల మీద మోసుకొచ్చి, గడప తొక్కంగనే "బాపూ, జర ఆ తలుపు దగ్గరికెయ్యి" అన్నది.

నేను ఎవరిదో కూలర్ తొట్టికి అతుకు పెడుతున్న. ఎండలు ముదిరితే మా కాలనీల అందరికి పేతురు యాదికొస్తడు. వానలు పడ్డంక పేతురు ఎవడో, వాని ఇల్లు ఎక్కడో ఎవ్వనికి పట్టది. ఏడో తరగతిల బడి బందు పెట్టిన కాడికెల్లి ఇదే ఫైబర్ పని. మట్‌గార్డులు, నీళ్ల ట్యాంకులు, బాత్‌రూం తలుపులు. పగిలినయే వస్తయి నా దగ్గరికి. మంచిగున్నది ఏదీ నా గడప తొక్కలే.

"దొంగసొమ్మా ఏంది?" అన్న.

"ముందుగాల తలుపెయ్యే."

దుప్పటి విప్పింది. నా రొమ్ము దాక వచ్చే పలక. రెండు కొసలు పడవ లెక్క పైకి లేచినయి. మీద రెండు బూట్లు బిగించి ఉన్నయి. తిరగేసి చూపిచ్చింది. అడుగున ఒక పక్క అంచు మూరెడు పొడుగు పగిలి నోరు తెరిచింది. లోపలి తెల్ల తెర్మాకోల్ కనవడుతుంది. నీళ్లు ఇంకా కారుతున్నయి.

"ఇదేం పలకనే?"

"వేక్‌బోర్డు. మోటారు బోటుకు తాడు కడ్తరు. తాడు పట్టుకొని దీని మీద నిలబడి బోటు వెనక నీళ్ల మీద పోతరు."

"ఎవలు పోతరు?"

వంటింట్లకెల్లి నా పెండ్లాం రిబ్కమ్మ అందుకున్నది. "ఎవలు పోతరు? అదే పోతది. దాని మోకాళ్లు చూడరాదు, కండ్లు లేవా?"

చూసిన. రెండు మోకాళ్లు చెక్కుకపోయినయి. అంటే పెండ్లానికి ఎరుకే. ఈ ఇంట్ల ఎరుక లేనిది నాకొక్కనికే.

"నువ్వు డ్యాం కాడ టికెట్లు చింపుతున్నవనుకున్న."

"పొద్దుగాల చింపుత. పొద్దుమీకి బోర్డెక్కుత" అన్నది గ్రేస్.

మానేరు మీద డ్యాం కట్టినంక మా ఊరు రేగులకుంట మునిగింది. ఇల్లు, చెలుక, చర్చి, మా నాయిన సమాధి, అన్నీ ఆ నీళ్ల కిందనే. ఊరోళ్లమంత ఈ కాలనీకి వచ్చి ఏడేండ్లయింది. ఏడేండ్లల్ల నేను ఆ కట్ట దిక్కు కాలు పెట్టలే. చేపలు కూడ ఆ నీళ్లయి తినను. ఆ నీళ్ల మీద నా బిడ్డ నిలబడి ఆటలాడుతున్నదట.

"తీస్కపోయి ఎక్కడిదక్కడ పెట్టు. నీళ్లది నీళ్లకే పోనీ" అన్న.

గ్రేస్ ఏడ్వలే. ఏడిస్తే కాదనుడు నాకు అల్కగుండు. నా ముంగట కూసొని నిమ్మలంగ చెప్పింది. బోటింగు పెట్టిన అరుణ్‌కుమార్ సారు ఇప్పుడు ఊర్లె లేడు. ఈస్టర్ అయినంకనే వస్తడు. ఆ పై ఆదివారం పెద్ద పెద్దోళ్లను పిలిచి పండుగ లెక్క చేస్తడు. ఆ రోజు బోర్డు మీద తోలి చూపియ్యాల్సింది గ్రేసే. మంచిగ చూపిస్తే వచ్చేటోళ్లకు నేర్పే పని దానికే ఇస్తనన్నడు. బోర్డు ఉన్నది ఒక్కటే. అది పగిలిందని తెలిస్తే హైదరాబాదుకెల్లి ఒక పిలగాన్ని బోర్డుతో సహా తెచ్చుకుంటడు.

"నాకు ఏదన్న వచ్చంటే గిదొక్కటే వచ్చు బాపూ" అన్నది. "డిగ్రీ ఫెయిలైన. మిషిన్ కుట్టుడు రాలే. దీని మీద నిలబడ్డప్పుడు మాత్రం పడను."

"పడలేదా? మరి గిదేంది?"

"నేను పడలే. కింద ఏదో తాకింది."

ఏం తాకిందో అప్పుడు నేను అడగలే.

*

రెండు రోజులు బోర్డును దాబా మీద నిలువుగ ఆనిచ్చి ఆరబెట్టినం. పక్కన రిబ్కమ్మ వడియాలు. తడి ఉన్న మీద అతుకు పెడితే పుండు మీద పట్టీ కట్టినట్టే, లోపల చీము పడ్తది. మూడో రోజు పగిలిన అంచును బ్లేడుతోని కోసి, గరుకు కాగితం పట్టి, ఫైబర్ చాప కత్తిరిచ్చి పెట్టుకున్న. గ్రేస్ ఎదురుంగ గొంతుక్కూసొని నా చేతులే చూస్తున్నది. చిన్నప్పుడు కూడ గట్లనే చూస్తుండె.

డబ్బల రెసిన్ జిగురు పోసి, గట్టిపడే మందు కలిపిన. ముప్పై ఏండ్ల చెయ్యి. కండ్లు మూసుకొని కలుపుత. ఆ పగులుల పోసిన.

పోసిన కాడికెల్లి చర్ర్‌మని సప్పుడు. తెల్ల తెర్మాకోల్ లోపలికి గుంజుకపోవట్టింది. అట్టు మీద నీళ్ల చుక్క లెక్క. చూస్తుండంగనే మూరెడు పగులు కింద పిడికిలి దూరేంత గుంత. ఘాటు వాసనకు కండ్లు మండినయి.

"బాపూ! కరుగుతుంది! తియ్యి, తియ్యి!"

పాత గుడ్డ పెట్టి తీసిన. తీసినంత మేర తెర్మాకోల్ కూడ వచ్చింది. నా బతుకుల నేను పట్టింది కూలర్లు, ట్యాంకులు. వాటి లోపల ఏముంటది? గాలి. లోపల తెర్మాకోల్ ఉన్నది ఎప్పుడన్న పట్టిన్నా?

గ్రేస్ లేచి నిలబడ్డది. "నీకు ఇష్టం లేదు గదా బాపూ" అన్నది. లోపలికి పోయి తలుపేసుకున్నది.

ఆ మాట పడలే నాకు. నేను కావాలనే చేసిన్ననుకున్నది. అన్నం తినబుద్ధి కాలే. రిబ్కమ్మ గిన్నె ముంగట పెట్టి, "చేసినవా కావాలని?" అని అడిగింది.

"నీకు కూడ అనుమానమేనా?"

"అడిగిన. లేదంటే లేదను."

"లేదు."

"అయితే లేచి ఏదన్న చెయ్యి. ఎందుకు మొఖం గట్ల పెట్టుకుంటవు?"

తెల్లారి కరీంనగర్ బస్సెక్కిన. అక్కడ గ్రానైట్ బండలు కోసే షెడ్డుల నా పాత దోస్తు నిజాముద్దీన్ పనిచేస్తడు. బండల్ల నెర్రెలకు వాళ్లు పోసే జిగురు వేరే ఉంటది. సంగతి విని నవ్విండు. "అరే పేతురు, నీది పెట్రోల్ అసొంటిది భాయ్, తెర్మాకోల్‌ను తినేస్తది. మాది ఎపాక్సీ. తెర్మాకోల్ మీద పోసినా ఏం గాదు. గని జల్దీ ఆరది, సబర్ ఉండాలె. నీకు ఉన్నదా సబర్?"

"లేదు గని ఇయ్యి" అన్న.

కరిగిన గుంతల నింపనీకి తెర్మాకోల్ కావాలె. అది మా కాలనీలనే దొరికింది. వెంకటి డ్యాంల చేపలు పట్టేది తెర్మాకోల్ తెప్ప మీదనే. పాత తెప్ప ముక్క ఒకటి కోసిచ్చిండు. "ఏంది పేతురన్నా, ఏడేండ్లకు నీళ్ల దిక్కు చూస్తున్నవు?" అని ఎక్కిరిచ్చిండు. ముక్క సంకల పెట్టుకొని ఇంటికొచ్చిన.

ఆ ముక్క గుంతల సరిపోవాలంటే కరిగిన అంచులన్నీ తీసేయాలె. సన్న చాకుతోని గీకుతుంటే, పగులు కొసకు, చిరిగిన ఫైబర్ పోగుల నడుమ ఏదో గట్టిగ తాకింది. పట్టకారుతోని గుంజిన. సిమెంటు పెచ్చు, గోరంత. ఒక పక్క బూడిద రంగు. ఇంకో పక్క చిలుకాకుపచ్చ.

నా చేతిల చాకు ఆగింది.

ఆ రంగు అంగట్ల దొరికేది కాదు. రేగులకుంటల మేం స్లాబు ఇల్లు ఏసుకున్నప్పుడు పిట్టగోడకు పెయింటు సరిపోలే. చర్చి తలుపులకు ఏసిన పసుపుపచ్చ కొంచెం మిగిలింది, ఎడ్ల కొమ్ములకు పూసే ఆకుపచ్చ కొంచెం మిగిలింది. రెండూ కలిపి రిబ్కమ్మ తానే బ్రష్షు పట్టి పిట్టగోడంతా పూసింది. ఊరంతా నవ్విండ్రు. ఎదురింటి శంకరవ్వయితే రోజూ అదే పాట. "ఓ రిబ్కా, మీ ఇంటికి జామకాయ పెట్టరాదే, పలుకుతదేమో!" మా ఇంటికి చిలుకిల్లు అని పేరు పడ్డది.

ముంపు వచ్చినప్పుడు అందరు ఇండ్లు కూలగొట్టుకొని దర్వాజలు, సీకులు, కిటికీలు, ఇటుకలు కూడ ట్రాక్టర్లల్ల తెచ్చుకున్నరు. నేను కూడ సమ్మెట పట్టుకొని పోయిన. రిబ్కమ్మ గడపల అడ్డం కూసున్నది. "ముంచేటోళ్లు ముంచుతున్నరు. మన చేతులతోని మనం కూల్చుడు వద్దు. ఇల్లు ఇల్లు లెక్కనే పోవాలె" అన్నది. టేకు దర్వాజ నీళ్ల పాలు. ఏడేండ్లు అన్నం కాడ, మంచం కాడ, చర్చికి పోయే తొవ్వల, ఆ దర్వాజ గురించి దాన్ని దెప్పుకుంటనే ఉన్న. రేగులకుంటల నిలబడి మునిగిన ఇల్లు మాదొక్కటే.

పెచ్చును అంగి జేబుల ఏసుకున్న.

*

గ్రేసును దాబా మీదికి పిలిచి అడిగిన. "ఎక్కడ తాకింది? సరిగ్గ చెప్పు."

"పోచమ్మ గుట్ట ఎదురుంగ. బోటు తిన్నగ పోతది, దానికేం తాకది. నేను తాడు పట్టుకొని పక్కకు గుంజుకపోత గదా, అక్కడ. ఎందుకు?"

"ఆ రోజు ఆ పక్కకు పోకు."

"ఆ పక్కనే షామియానా ఏస్తరు బాపూ. సార్లంత ఆడనే కూసుంటరు. నేను ఎగరాల్సింది ఆ పక్కనే."

జేబులకెల్లి పెచ్చు తీసి దాని అరచేతిల పెట్టిన. గ్రేస్‌కు మునుగుడప్పుడు పన్నెండేండ్లు. ఆ రంగు మర్చిపోయే ఈడు కాదు. అటు ఇటు తిప్పి చూసింది.

"మన ఇల్లా?"

"ఎండలకు నీళ్లు దినాం దిగుతున్నయి. అప్పుడు బోర్డు తాకింది. ఆదివారం నాటికి గోడ ఇంకా మీదికొస్తది. ఎగిరి దాని మీద పడ్డవనుకో..."

"సారుకు చెప్తే?"

నన్నడిగిందా, తనను తాను అడుక్కున్నదా తెల్వదు. మళ్ల తానే అన్నది. "గోడ ఉన్నదని ఎట్ల తెలుసని అడుగుతడు. బోర్డు పగిలిందని చెప్పాలె. పాత ఊరి మీద తోలుతున్నమంటే జాగ మారుస్తడు, మనిషిని కూడ మారుస్తడు. వద్దు బాపూ. నేను చూసుకుంట. ఎక్కడున్నదో ఎరుకైంది గదా, తప్పించుక పోత."

"నీళ్ల కింద గోడ నీకు కనవడ్తదా?"

"నీకు కనవడ్తదా?"

నాకు కనవడ్తది. కండ్లు మూస్తే అదొక్కటే కనవడ్తది. గని ఆ మాట బిడ్డకు చెప్పకుండ, పెచ్చు తీసుకొని మళ్ల జేబుల ఏసుకున్న.

నా ముంగట రెండు తొవ్వలున్నయి. అతుకు గట్టిగ పెట్టి బిడ్డను ఆ గోడ మీదికి పంపొచ్చు. లేకుంటే అతుకు ఊడేటట్టు పెట్టొచ్చు. బోర్డు బాగుకాలే, నా చేతకాలే అంటే అయిపాయె. బిడ్డ తిడ్తది, బతికుంటది. ఆ రోజంతా బోర్డు ముంగట కూసొని అదే ఆలోచన చేసిన. నిజాముద్దీన్ ఇచ్చిన రెండు డబ్బలు పక్కన పెట్టుకొని, కొలత జర తప్పితే చాలు, జిగురు పట్టది. ఎవ్వనికి తెల్వది.

పొద్దుమీకి కొలత సరిగ్గనే కలిపిన. ఎందుకో అడగొద్దు. వెంకటి తెర్మాకోల్ ముక్కను గుంతల దిగ్గొట్టి, మీద మూడు పొరలు ఫైబర్ చాప పరిచి జిగురు పట్టించిన. సైకిల్ ట్యూబును పట్టీలు కోసి, గాయానికి కట్టు కట్టినట్టు బోర్డు చుట్టూ బిగ్గర చుట్టి, మీద రోలు ఎత్తిన. గ్రేస్ వచ్చి రోలుకు రెండో పక్క చెయ్యేసింది.

అది ఆరేదాక ఇంట్ల ఎవ్వరికి నిద్ర సక్కగ లేదు.

పెచ్చు సంగతి రిబ్కమ్మకు చెప్పొద్దనుకున్న. చెప్తే ఏం మిగులుతది? నిలబెట్టిన ఇల్లే బిడ్డ కాళ్ల కిందికి వచ్చిందని తెలిస్తే అది తట్టుకోదు. ఏడేండ్లు దెప్పినోన్ని, ఇప్పుడు దెప్పుడానికి ఇంత పెద్ద కారణం దొరికితే నోరు రాలే. విచిత్రం.

గని అంగి ఉతికేది ఆమెనే గదా. ఈస్టర్ ముంగటి మట్టల ఆదివారం చర్చికెల్లి వచ్చినంక బట్టలు నానేస్తూ జేబు ఎల్లదీసింది. నేను గుంజకు ఆనుకొని కూసున్న. నా ముంగటికి వచ్చి పెచ్చు చూపెట్టింది.

"ఇది ఎక్కడిది?"

"ఏదో పెచ్చు. పారెయ్యి."

"పేతురూ." పేరు పెట్టి పిలిచిందంటే తప్పించుకునుడు ఉండది. "కలిపింది నేను. రంగు నాకెరుక లేదా?"

చెప్పిన. అంతా చెప్పిన. వింటున్నంత సేపు తడి చేతులు కొంగుకు తుడుచుకుంటనే ఉన్నది. అయిపోయినంక బండ మీదికి పోయి, మిగిలిన బట్టలన్నీ ఉతికి, పిండి, ఆరేసింది. తీగె మీద చివరి అంగి ఏసి, నా దిక్కు తిరగకుండనే అడిగింది.

"వెంకటి తెప్ప మీద ముగ్గురు కూసోవచ్చా?"

*

నీళ్లు ఇంకింత దిగనిచ్చి, ఈస్టర్ అయిన మూడో నాడు, తెల్లతెల్లారంగ పోయినం. వెంకటి తెడ్డు ఏస్తున్నడు, నేను రిబ్కమ్మ గడ్డపారలు ఒళ్లె పెట్టుకొని కూసున్నం. తెప్ప ఊగినప్పుడల్ల రిబ్కమ్మ నా చెయ్యి పట్టుకున్నది. ఈత మాకిద్దరికి రాదు.

"ఎక్కడాపాలె?" అన్నడు వెంకటి.

నీళ్లు. ఎటు చూసినా నీళ్లే. పోచమ్మ గుట్ట నెత్తి ఒక్కటే బయటున్నది. దాన్ని పట్టుకొని చూపు కట్టిన. గుట్టకు ఎదురు తొవ్వ, తొవ్వ మూలకు చర్చి, చర్చి దాటితే శంకరవ్వ ఇల్లు, దానికి ఎదురు మేము. "ఇటు. ఇంకా ఇటు. ఆగు."

వెంకటి తెడ్డు దించిండు. లోపలికి పోయింది. ఏం తాకలే.

"తప్పినవన్నా."

మళ్ల చూపు కట్టిన, మళ్ల తప్పిన. అటు ఇటు గంటసేపు తిరిగినం. ఏడేండ్లు కండ్లు మూస్తే కనవడ్డ ఇల్లు, కండ్లు తెరిచి చూస్తే దొరుకుతలేదు.

రిబ్కమ్మ గుట్ట దిక్కు చూస్తలేదు. పొడిచే పొద్దు దిక్కు చూస్తున్నది. "నేను అంట్లు తోమంగ పొద్దు ఆ రెండు గుట్టల సందుల పొడుస్తుండె" అన్నది. "జర ఎనకకు పోనీ వెంకటీ. ఇంకొంచెం. ఆఁ. ఇప్పుడు ముంచు."

తెడ్డు టక్కుమన్నది.

గోడ మీద నీళ్లు బెత్తెడు లేవు. నేను దిగిన. స్లాబు కాళ్లకు తాకింది. పాకురు పట్టి జారుతున్నది గని మా స్లాబే. బొడ్డు మీదికి నీళ్లు. వంగి చూస్తే పిట్టగోడ పాకురు కింద అక్కడక్కడ చిలుకరంగు. ఒకతాన బోర్డు గీసిన గీత తెల్లగ కనవడ్డది.

నీళ్లల్ల దెబ్బ ఆనది, గడ్డపారతోని పెకిలియ్యాలె. ఇటుకల సందుల మొన పెట్టిన. ఒత్తబోతే చేతులు రాలే. ఏడేండ్లు కూలగొట్టనియ్యలేదని తిట్టినోన్ని. ఇప్పుడు కూలగొట్టే వంతు వస్తే చేతులు రాలే.

వెనక నీళ్లు కదిలినయి. రిబ్కమ్మ కొంగు నడుముకు చెక్కుకొని తెప్ప దిగింది. జారింది, నా భుజం పట్టుకొని నిలబడ్డది. నా చేతిలకెల్లి గడ్డపార తీసుకున్నది.

"జరుగు. రంగేసింది నేను" అన్నది.

మొదటి ఇటుక ఊడి స్లాబు మీద పడ్డ సప్పుడు నీళ్లల్ల వినపడలే, కాళ్లకు తెలిసింది. అటెన్క ముగ్గురం కలిసి పెకిలిచ్చినం, నూకినం. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాక గడ్డపారలు దించలే. నాలుగు పక్కల గోడంతా ఒరిగింది. ఆఖరుకు రిబ్కమ్మ స్లాబు మీద ఈ మూల కాడికెల్లి ఆ మూల దాక, పాదాలతోని తడుముకుంట నడిచింది. ఎక్కడా ఏం తగలకుండ చూసిందో, ఇంకేం చూసిందో.

తెప్ప ఎక్కినంక అన్నది. "దర్వాజ కూడ తీస్కపోదమా? ఏడేండ్లు ఏడ్చినవు గదా."

వెంకటి నవ్వాపుకోలేక తెడ్డు జారిచ్చిండు. నాకు కూడ నవ్వొచ్చింది. ఎన్నొద్దులకో.

*

ట్యూబు పట్టీలు విప్పి, అతుకును గరుకు కాగితంతోని నున్నగ చేసిన. నల్ల బోర్డు అడుగున తెల్లటి మచ్చ. నల్ల పెయింటు కొట్టి కలిపేద్దమని డబ్బ తెచ్చిన. రిబ్కమ్మ ఆపింది.

"దాస్తే దొంగతనం అయితది. కనవడేటట్టు ఏస్త."

పసుపుపచ్చ, ఆకుపచ్చ తానే తెప్పిచ్చింది. తానే కలిపింది. మొదట ముదురైతే ఇంకింత పసుపు పోసి, జేబుల దొరికిన పెచ్చు పక్కన పెట్టి చూసి, సరిపోయినంకనే పూసింది. అతుకు మీద ఒక్కతానే కాదు, ఆ కొస కాడికెల్లి ఈ కొస దాక అడుగంతా.

ఆదివారం పొద్దుగాల బోర్డు చూసి అరుణ్‌కుమార్ సారు మొఖం మాడ్చుకున్నడు. "ఇదేం రంగమ్మా? ఏమైంది దీనికి?"

"పగిలింది సార్" అన్నది గ్రేస్. "మా బాపు అతికిండు, మా అవ్వ రంగేసింది. తోలి చూపిస్త. పడితే తీసెయ్యి."

సారు షామియానా దిక్కు చూసిండు. అప్పటికే కార్లు వస్తున్నయి. హైదరాబాదు పిలగాన్ని పిలిచే టైము లేదు. "పడకు" అన్నడు.

కట్ట మీద మా కాలనోళ్లంత చేరిండ్రు. శంకరవ్వ కర్ర పట్టుకొని వచ్చింది. ఏడేండ్లకు నేను కూడ కట్టెక్కిన. రిబ్కమ్మ ఆ రోజు ఆరాధన ఎగ్గొట్టి వచ్చింది, అయ్యగారు ఏమంటడో అని ఒకతే గులుగుతున్నది. చేతులు మాత్రం కొంగును మెలిపెడుతున్నయి.

బోటు గుంజింది. గ్రేస్ నీళ్లల్లకెల్లి లేచి నిలబడ్డది. తాడు పట్టుకొని వంగి, పక్కకు కోసుకుంట వస్తున్నది. పోచమ్మ గుట్టకు ఎదురుంగ వచ్చింది. తొవ్వ దాటింది. చర్చి మూల దాటింది. శంకరవ్వ ఇల్లు. ఇగ ఎదురు మేమే.

బోటు లేపిన అల మీదికెక్కి, ఎగిరింది.

నీళ్లకు మనిషెత్తు మీద బోర్డు అడుగు మా దిక్కు తిరిగింది. ఎండకు తళుక్కుమన్నది. చిలుకాకుపచ్చ.

"ఓ రిబ్కా!" శంకరవ్వ కర్ర పైకెత్తి అరిచింది. "మీ ఇల్లు ఎగురుతుందే!"

కట్టంతా గొల్లున నవ్వింది. గ్రేస్ దిగింది. నీళ్లు రెండు పక్కల చీలినయి. ఏం తాకలే. ముందుకు పోయింది.

"ఎగరనియ్యి" అన్నది రిబ్కమ్మ. "జామకాయలు పెట్టే పెంచిన."

సార్లు చప్పట్లు కొడుతున్నరు. నేను కొట్టలే. బోర్డు ఒడ్డుకు వచ్చేదాక నిలబడి, వచ్చినంక తిరగేసి, బొటనవేలితోని అతుకు పొడుగూత ఒత్తి చూసిన. ఒక్కతాన కూడ తడి లోపలికి దిగలే.